తెప్పన్నని బోట్‌మ్యాన్ చేయకండి

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ ఆదివారం సంచికలోని పిల్లల పేజీ వాళ్లు పోయిన నెల ఒక పోటీ పెట్టారు. సొంతంగా ఒక సూపర్ హీరోని ఊహించి, బొమ్మ గీసి, పేరు పెట్టి, పది వాక్యాల్లో అతని కథ రాసి పంపమన్నారు. మా మనవరాలు పంపింది. ఐదో క్లాసు చదువుతోంది. మొన్న ఆదివారం ఆ బొమ్మ అచ్చయింది. పేపరు తెరిచి అందరం సంబరపడేలోపే పిల్ల ముఖం చిన్నబోయింది. బొమ్మ కింద తను పెట్టిన పేరు లేదు. తను రాసి పంపింది ‘తెప్పన్న’. మీరు వేసింది ‘బోట్‌మ్యాన్’.

నేను 26 ఏళ్లు చెన్నై వడపళనిలో ఒక ప్రెస్సులో తెలుగు ప్రూఫులు దిద్దాను. మీ డెస్కులో ఏం జరిగి ఉంటుందో తెలుసు. పేజీ పంపేయాల్సిన టైముకి ఎప్పుడూ వినని మాట ఒకటి కనపడుతుంది. చదివేవాళ్లకి అర్థం కాదేమోనని అందరికీ తెలిసిన మాట పెట్టేస్తాం. నేనూ పెట్టాను. వాక్యంలో మాట మారిస్తే వాక్యం బతుకుతుంది. పేరు మారిస్తే మనిషే మారిపోతాడు. ఎవరినో తప్పుపట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో మీకు తెలియాలని రాస్తున్నాను.

2015 డిసెంబరు 1 రాత్రి అడయారు నది పొంగింది. చెంబరంబాక్కం చెరువు నుంచి 29 వేల క్యూసెక్కులు వదిలారని ఆ తర్వాత చదివాం. ఆ రాత్రి మాకు తెలిసిందల్లా తలుపు సందులోంచి లోపలికి జారుతున్న నీళ్లే. అప్పుడు మేం జాఫర్‌ఖాన్‌పేటలో, నదికి రెండు వీధుల ఇవతల, కింద వాటాలో ఉండేవాళ్లం. మా అమ్మాయి పురిటికి వచ్చి ఉంది. పాప నవంబరు 13న పుట్టింది. డిసెంబరు 3కి ఇరవై ఒకటో రోజు, బారసాల. పళ్లెంలో బియ్యం పోసి ఉంగరంతో పేరు రాయించాలని ఇత్తడి పళ్లెం తోమి, కొత్త బియ్యం సంచీ పక్కన పెట్టుకున్నాను. అర్ధరాత్రికి మంచాలు మునిగాయి. ఇంటివాళ్లు మమ్మల్ని పై వాటాలోకి రమ్మన్నారు. తెల్లారి చూస్తే సగం మెట్ల దాకా నీళ్లున్నాయి. నా బియ్యం సంచీ ఉబ్బి, పగిలి, ఆ నీళ్లమీద బియ్యం తేలుతున్నాయి. కరెంటు లేదు, ఫోన్లు పలకడం లేదు. అమ్మాయికి జ్వరం.

ఆ మధ్యాహ్నం వీధి మలుపులో ఒక నీలం ఫైబర్ పడవ కనపడింది. జాలర్లుండే కాశిమేడు రేవు నుంచి లారీ మీద ఎక్కించుకుని తెచ్చారట. అందులో ఇద్దరున్నారు. ఒకతనికి పాతికేళ్లుంటాయేమో, తలకి ఎర్ర తువ్వాలు చుట్టుకున్నాడు. కింద నుంచే కేకేశాడు: “పాప్పా ఇరుక్కా?” పాప ఉందా అని. చంటిపిల్లలున్న ఇళ్లవాళ్లని ముందు తీసుకెళ్తున్నారు. మా గేటు సన్నం, పడవ లోపలికి పట్టలేదు. అతను నీళ్లలోకి దిగాడు. ఛాతీ దాకా వచ్చాయి. పాపకి నీళ్లు పోసే పసుపు రంగు ప్లాస్టిక్ టబ్బు అడిగి తీసుకున్నాడు. అందులో దుప్పటి మడతపెట్టి, పాపని పడుకోబెట్టి, టబ్బు అంచులు రెండు చేతుల్తో పట్టుకుని, అడుగులో అడుగేసుకుంటూ గేటు దాటించాడు. అడుగున ఏముందో కనపడని నీళ్లు. కాలితో తడుముకుని ఆగడం, మళ్లీ అడుగేయడం. నేను వెనకాల మెట్ల మీద నిలబడి అతని మోచేతులే చూస్తున్నాను. టబ్బు ఒక్కసారి కూడా ఒరగలేదు.

అందరం పడవలోకి ఎక్కాక తువ్వాలు విప్పి ముఖం తుడుచుకుని, “పాప్పా పేరు ఎన్న?” అని అడిగాడు. మేం ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నాం. “ఇంకా పెట్టలేదయ్యా, రేపే బారసాల” అన్నాను తెలుగులోనే. తెలిసిందో లేదో, తలూపాడు. అశోక్ నగర్ వైపు రోడ్డు ఎత్తుగా ఉన్నచోట మమ్మల్ని దింపాడు. మా అమ్మాయి తేరుకుని “అన్నా, మీ పేరేంటి?” అని అడిగేసరికి పడవ వెనక్కి తిరిగింది. చెయ్యి మాత్రం ఊపాడు.

పాప బారసాల మూడు వారాల తర్వాత మా ఆడపడుచు ఇంట్లో జరిగింది. పాపకి పేరొచ్చింది. అతని పేరు ఇప్పటికీ మాకు తెలియదు.

ఆ పాపే ఈ మనవరాలు. ఈ కథ ఊహ తెలిసినప్పటి నుంచీ వింటోంది. ఎవరు ఇంటికొచ్చినా చెప్పమని నన్ను పట్టుకుంటుంది. మీ పోటీ ప్రకటన చూసిన రోజే డ్రాయింగ్ పుస్తకం తెచ్చుకుని కూర్చుంది. తలకి ఎర్ర తువ్వాలు, మోకాళ్ల పైకి కట్టిన లుంగీ, చేతిలో తెడ్డు. ఆ తువ్వాలు విప్పి విసిరితే ఎంత దూరమైనా తాడులా సాగుతుంది. నీళ్లు రాకముందే అతనికి నీళ్ల వాసన తెలుస్తుంది. బొమ్మ గంటలో అయిపోయింది. పేరుకి పదకొండు రోజులు పట్టింది.

మొదట తను అనుకున్నవి వాటర్‌మ్యాన్, ఫ్లడ్‌మ్యాన్. క్లాసులో స్నేహితురాలు వాటర్‌మ్యాన్ అంటే మీ వీధిలో నీళ్ల క్యాన్లు వేసే అతనా అని అడిగిందట. నేను ‘వరద వీరుడు’ అన్నాను. కొంచెం గర్వంగానే అన్నాను. పిల్ల ఆలోచించి, “అమ్మమ్మా, వరదని ఆపే వీరుడా, వరద తెచ్చే వీరుడా?” అంది. ఇన్నేళ్లు ప్రూఫులు చూసినదాన్ని, ఆ సమాసం రెండు వైపులా విడుతుందని నాకు తట్టలేదు. ‘జలంధరుడు’ అన్నాడు మా అల్లుడు. అది రాక్షసుడి పేరు. పడవ నడిపేవాణ్ణి ‘సరంగు’ అంటారని నేను చెబితే ఆ మాట పిల్లకి నచ్చింది, కానీ ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తెలియదని వదిలేసింది. కష్టంలోంచి బయటపడేయడాన్ని మనం గట్టెక్కించడం అంటాం కదా, దాన్నుంచి ‘గట్టన్న’ అని రెండు రోజులు తిరిగింది. పలికి చూస్తే ఎవరో గట్టిగా ఏదో అన్నట్టు వినపడుతోందని తనే కొట్టేసింది.

ఆ వారంలో ఒక రాత్రి పెద్ద ఉరుములు. పిల్లకి ఉరుములంటే భయం, నా పక్కలోకి వచ్చేసింది. మా అమ్మ నాకు నేర్పినట్టే తనకీ నేర్పాను: అర్జునా, ఫల్గుణా, పార్థా, కిరీటీ, శ్వేతవాహనా, బీభత్సూ, విజయా, కృష్ణా, సవ్యసాచీ, ధనంజయా. ఉరుము ఉరిమితే తెలుగు ఇళ్లల్లో పిల్లల చేత అనిపించే పేర్లే. అంతా అయ్యాక, “వీళ్లు పది మందా?” అంది. ఒక్కడే అన్నాను. ఒక్కడికి పది పేర్లెందుకంది. అప్పుడు విరాటపర్వం కథ చెప్పాల్సి వచ్చింది. బృహన్నలగా మారువేషంలో ఉన్న అర్జునుడు జమ్మిచెట్టు దగ్గర తనెవరో చెబితే ఉత్తరుడు నమ్మడు. అర్జునుడికి పది పేర్లున్నాయట కదా, ఏ పేరు ఎందుకొచ్చిందో చెప్పు, అప్పుడు నమ్ముతానంటాడు. రెండు చేతుల్తోనూ వింటినారి లాగగలడు కాబట్టి సవ్యసాచి. ఇంద్రుడు కిరీటం పెట్టాడు కాబట్టి కిరీటి. రథానికి తెల్ల గుర్రాలు కాబట్టి శ్వేతవాహనుడు. కారణాలు విన్నాకే ఆ కుర్రాడికి నమ్మకం కుదిరింది, భయం పోయింది.

చీకట్లో కాసేపు మాట్లాడకుండా పడుకుని పిల్ల అంది: “అయితే మనకి భయమేసినప్పుడు అరిచేదే హీరో పేరు.”

నాకు నిద్ర పట్టలేదు. నిజమే కదా. సూపర్ హీరో పేరు అట్ట మీద వేయడానికి కంటే ముందు, ఆపదలో ఉన్నవాడు నోరారా పిలవడానికి. ఆ ప్రశ్నతో చూస్తే మా జాబితాలో పేర్లన్నీ తేలిపోయాయి. మన భాషలో పిలుపంటే చివరి అచ్చుని సాగదీయడం. అమ్మా, అన్నా, రాముడూ, సీతా. దూరం ఎంత ఉంటే అంత సాగుతుంది. ‘మ్యాన్’ చివర న్ దగ్గర నోరు మూతపడిపోతుంది, ఇక సాగదీయడానికి ఏమీ మిగలదు.

తెల్లారి నా చిన్నప్పటి మాట గుర్తొచ్చింది. మాది నెల్లూరు జిల్లా, కావలి దగ్గర సముద్రం ఒడ్డు ఊరు. దుంగలు కలిపి కట్టి, దాని మీద వేటకి వెళ్లేవాళ్లు. దాన్ని తెప్ప అనేవాళ్లం. ఇక్కడి తమిళ పిల్లలకీ ఆ మాట కొత్తది కాదు. మైలాపూరు కపాలీశ్వరుడి కోనేట్లో తైపూసం పండక్కి జరిగే తెప్పం, అంటే తెప్పోత్సవం, చాలామంది చూసే ఉంటారు. తెప్ప అనగానే పిల్ల కళ్లు పెద్దవి చేసింది. తెప్పరిల్లడం అంటే ఏంటి అమ్మమ్మా, పాఠంలో వచ్చింది అంది. సొమ్మసిల్లినవాళ్లకి మళ్లీ తెలివి రావడం, బెదిరినవాళ్లు తేరుకోవడం. మాట మూలం అదో కాదో నేను నిఘంటువు పట్టి తేల్చలేదు, కానీ ఆ రెండూ చెవికి దగ్గరగా వినపడటం పిల్లకి చాలా నచ్చింది.

తెప్ప కుదిరింది. తోక ఏం పెట్టాలి? తెప్పడు అంటే ఎవణ్ణో తీసిపారేసినట్టుంది. తెప్పయ్య అంటే పెద్దాయన వస్తాడు. ఆ రోజు మా అమ్మాయి అతన్ని ఏమని పిలిచింది? అన్నా అనే కదా. తెలుగులోనైనా తమిళంలోనైనా చెన్నైలో కష్టమొస్తే నోట్లోంచి వచ్చే మొదటి మాట అదే. తెప్పన్న అయ్యాడు.

ఆ సాయంత్రం పరీక్ష కూడా పెట్టింది. నన్ను కింద గేటు దగ్గర నిలబెట్టి, తను మూడో అంతస్తు మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కకెళ్లి, జాబితాలో పేర్లన్నీ ఒక్కోటి అరిచింది. సాయంత్రం ఆరింటికి ఆర్కాట్ రోడ్డు మోత ఎలా ఉంటుందో మీకు తెలుసు. బస్సు హారన్ల మధ్య వాటర్‌మ్యాన్ అన్నది ‘వాట’ దగ్గరే పోయింది. వరద వీరుడా అన్నది సగం వినపడింది. తెప్పన్నా అన్న పిలుపు మాత్రం ఆ చివరి ‘నా’ సాగుతూ గేటు దాటి వీధిలోకి వెళ్లింది. ఎదురింటావిడ బయటికొచ్చి ఎవరిని పిలుస్తున్నారని అడిగింది.

అయ్యా, ఇంత జరిగాక పెట్టిన పేరది.

నేను ఇంగ్లిష్ పేర్లకి వ్యతిరేకిని కాను. 1938లో సూపర్‌మ్యాన్ వచ్చాడు, మరుసటేడు బ్యాట్‌మ్యాన్. ఆ కథలు రాసినవాళ్లకి మ్యాన్ అన్నది వాళ్ల ఇంటి మాట, మనకి అన్న, అయ్య, అక్క ఎలాగో అలాగ. వాళ్లు తమ ఇంట్లోంచి తెచ్చుకున్నారు. మన పిల్లలు వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది అదే పని, ఆ తోక కాదు. వాళ్లకి పేరు మీద ఎంత శ్రద్ధో చూడండి. 1962లో వచ్చిన స్పైడర్-మ్యాన్ పేరు మధ్యలో అడ్డగీత ఉంటుంది. సూపర్‌మ్యాన్ అనుకుని పొరబడకుండా పెట్టానని ఆ కథ రాసిన స్టాన్ లీయే తర్వాత చెప్పాడు. అదే స్టాన్ లీ ఒకసారి తన హల్క్ అసలు పేరు బ్రూస్ బ్యానర్ అని మర్చిపోయి బాబ్ బ్యానర్ అని రాసేశాడు. పాఠకులు ఊరుకోలేదు, పట్టుకుని ఉత్తరాలు రాశారు. అతని పూర్తి పేరు రాబర్ట్ బ్రూస్ బ్యానర్ అని చెప్పి సర్దుకోవాల్సి వచ్చింది. పేరు తప్పిందని పాఠకులు ఉత్తరం రాయడం, దానికి పత్రిక జవాబు చెప్పడం కొత్త సంగతి కాదు.

మన దగ్గరా దీనికి మంచి దారి వేసినవాళ్లున్నారు. దశాబ్దాల పాటు చందమామ ఆఫీసు మా వడపళనిలోనే ఉండేది. 1947 జులైలో తెలుగులో చందమామ, తమిళంలో అంబులిమామా మొదలయ్యాయి. ఆ తర్వాత మరాఠీలో చాందోబా, మలయాళంలో అంబిలి అమ్మావన్, ఒడియాలో జహ్నమాము. ఒకే కథలు, ఒకే బొమ్మలు. అన్ని భాషలకీ ఒకే పేరు పెట్టి ఉంటే పని తేలికయ్యేది. పెట్టలేదు. ఏ భాష పిల్లలు చంద్రుణ్ణి ఇంట్లో ఏమని పిలుస్తారో ఆ పేరే అట్ట మీద వేశారు. అందుకే ఆ పత్రిక ఏ ఇంట్లోనూ పరాయిది కాలేదు. నేను ప్రూఫులు చూస్తున్న రోజుల్లో ఈ సంగతి పెద్దగా పట్టించుకోలేదు, ఇప్పుడు తలుచుకుంటే అది ఎంత పెద్ద నిర్ణయమో తెలుస్తోంది.

మొన్నటి పేజీలో మీరు వేసిన పన్నెండు బొమ్మల్లో తొమ్మిది పేర్లు మ్యాన్, గర్ల్, బాయ్‌తో ముగిశాయి. అవన్నీ పిల్లలు పెట్టినవేనా, కొన్ని డెస్కులో మారాయా అన్న అనుమానం వస్తోంది. తిరువొత్తియూరు నుంచి ఒక బాబు గీసిన బొమ్మ చూశాను. ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కి మంటలు ఆర్పుతున్న ఆడపిల్ల. కింద ‘ఎలక్ట్రిక్ గర్ల్’ అని ఉంది. ఆ బాబు నిజంగా అదే రాశాడా? వాళ్లమ్మమ్మ ఊళ్లో ఏదో మాట ఉండి ఉంటుందని నా మనసుకి అనిపిస్తూనే ఉంది.

ఇంకో విషయం. బొమ్మ పంపేముందు మా అల్లుడు ఈ పేరు ఇప్పటికే ఎవరిదైనా ఉందా అని ట్రేడ్‌మార్కుల వెబ్‌సైటులో వెతికాడు. మాకేం కనపడలేదు. అతను చెప్పాకే నాకూ తెలిసింది, బొమ్మకీ కథకీ కాపీరైట్ ఉంటుంది గానీ ఉత్త పేరుకి ఉండదట. పేరు కాపాడుకోవాలంటే 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం కింద నమోదు చేయించుకోవాలి. పుస్తకాలకి 16వ తరగతి, ఆటబొమ్మలకి 28, వినోద కార్యక్రమాలకి 41, ఇలా వేరువేరుగా ఉంటాయి. చెన్నై వాళ్లకి ఆఫీసు గిండీలోనే ఉంది. ఒకసారి నమోదైతే పదేళ్లు, ఆపైన పొడిగించుకోవచ్చు. పదేళ్ల పిల్ల బొమ్మకి ఇదంతా ఎందుకని మీకు అనిపించవచ్చు. సూపర్‌మ్యాన్‌ని ఊహించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ కూడా ఆ ఊహ మొలిచేనాటికి స్కూలు వయసు దాటీ దాటని కుర్రాళ్లే. 1938లో 130 డాలర్లకి హక్కులన్నీ రాసిచ్చేశారు. కోర్టుల చుట్టూ తిరిగారు. వాళ్ల పేర్లు మళ్లీ పుస్తకం మీద వేసి ఏటా కొంత సొమ్ము ఇవ్వడానికి 1975లో గానీ కంపెనీ ఒప్పుకోలేదు. మీ పోటీ నిబంధనల్లో ‘పంపినవన్నీ పత్రికకే చెందుతాయి’ అని ఒక వాక్యం ఉంది. దాన్ని తీసేసి, బొమ్మా పేరూ పిల్లలవే, ఒకసారి అచ్చు వేసుకునే అనుమతి మాత్రం పత్రికది అని రాయండి.

పిల్లల పేజీ చూసేవాళ్లని ఇంకొకటి కోరుతున్నాను. వచ్చేసారి పేరు పక్కన ‘ఈ పేరెందుకు?’ అని రెండు గీతల చోటు వదలండి. ఉత్తరుడు అడిగినట్టే అడగండి. కారణం రాయాల్సి వస్తే పిల్లలు ఇంట్లో పెద్దవాళ్లని అడుగుతారు. మా ఇంట్లో పదకొండు రోజులు ఇదే మాట. మా అల్లుడు పనిచేసే చోట తెలుగు మాట్లాడే అవసరమే రాదు, ఆ పదకొండు రోజులూ భోజనాల దగ్గర కూర్చుని పడవల పేర్లు, కెరటాల పేర్లు గుర్తుచేసుకున్నాడు. అర్థం కాని మాట వస్తే మార్చకండి. ఆ రెండు గీతల్లో దాని అర్థం పిల్లే చెబుతుంది.

మా అమ్మాయి ఇంకో ఆశతో ఉంది. తెప్పన్న అన్న పేరుతో, పసుపు టబ్బుతో ఆ బొమ్మ అచ్చులో వస్తే, తెలుగు తెలిసినవాళ్లెవరైనా కాశిమేడులో చూపిస్తారేమో, ఎర్ర తువ్వాలు అతను గుర్తుపడతాడేమో అని. పదేళ్లయింది. అయినా తను అలా అనుకుంటోంది, నేనూ అనుకుంటున్నాను. బోట్‌మ్యాన్ అన్న పేరు చూసి అతను తనని పిలుస్తున్నారని ఎలా అనుకుంటాడు?

కాబట్టి వచ్చే ఆదివారం సవరణ వేయండి. బొమ్మ మళ్లీ వేయడానికి చోటు లేకపోతే పేరొక్కటైనా వేయండి. వేసేటప్పుడు ఒక సంగతి చూసుకోమని మీ డెస్కులో చెప్పండి. తెప్పన్నలో ప కింద ప ఒత్తు, న కింద న ఒత్తు ఉన్నాయి. మీ పిల్లల పేజీలో బొమ్మల కింద వాడే అక్షరాలు మరీ చిన్నవి, ఆ సైజులో ప ఒత్తు అలుక్కుపోతుంది. ఆ ఒక్క పేరుని రెండు పాయింట్లు పెద్దగా పెట్టించండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు
సాలిగ్రామం, చెన్నై